పెక్కు యంత్రములకు ఒక కర్ణధారుడు

పరీక్షాఫలితములు వెలువడు దినమున బిడ్డల క్రమసంఖ్యను ఫోనులో నొక్కి తలిదండ్రులు కన్నులప్పగించి చూచుచుందురు. అదే నిమిషమున లక్షలకొలది యిండ్లలో అదే పని జరుగుచుండును. ఒక్కొక్కప్పుడు ఫలితము క్షణములో వచ్చును; ఒక్కొక్కప్పుడు ఎంతసేపు చూచినను తెర తెల్లగనే యుండును. “సర్వరు పడిపోయినది” అని పిల్లలు చెప్పుదురు. సర్వరనగా నేమి, అది పడుట యననేమి, పడినదానిని లేపువారెవరు అను ప్రశ్నలు పెద్దలకు తోచును గాని, బదులు చెప్పువారు అరుదు.

ఈ ప్రశ్నలు వట్టి కుతూహలమువలన పుట్టినవి కావు. విద్యార్థివేతనమునకు దరఖాస్తు, కళాశాలలో ప్రవేశము, రైలు టిక్కెట్టు మున్నగునవి నేడు ఇట్టి యంత్రములమీదనే నడచుచున్నవి. అంతియేగాక ఈ యంత్రములను నడపు విద్య పేరు చెప్పి, కొలదినెలలలో ఉద్యోగము వచ్చునని రుసుములు అడుగు శిక్షణాలయములును గలవు. ఆ విద్య యెట్టిదో స్థూలముగనైనను ఎఱిగియున్నచో, బిడ్డకు ఏది మొదట నేర్పింపవలెనో నిర్ణయించుకొనుట తలిదండ్రులకు సులభమగును.

సర్వరు వింతయంత్రము కాదు, అదియు కంప్యూటరే. ఇంటి కంప్యూటరు ఎదుట కూర్చున్నవానికి పనిచేయును. సర్వరు దూరమునుండి అడుగు పదిమందికి పనిచేయును. దానిలో నిరంతరము నడచుచు అడిగినవారికి బదులు పంపునది ప్రోగ్రాము. ఎంత బలమైన సర్వరైనను ఒక నిమిషమున ఇంతమందికే బదులు చెప్పగలదు. ఆ మేర మించినచో వరుస పెరుగును, బదులు ఆలస్యమగును, తుదకు ప్రోగ్రాము నిలిచిపోవును. కావున పెద్ద సంస్థలు ఒకే ప్రోగ్రామును పెక్కు సర్వరులలో పెక్కు ప్రతులుగా నడపును.

అక్కడనే క్రొత్త చిక్కులు మొదలగును. ఏ సర్వరులో ఎన్ని ప్రతులుండవలెను? ఒక సర్వరు చెడినచో దాని పనిని ఎచ్చటికి మార్చవలెను? ప్రోగ్రామును సవరించినపుడు, వాడువారికి ఆటంకము లేకుండ పాతదానిని తీసి క్రొత్తదానిని పెట్టుటెట్లు? పది సర్వరులున్నచోట ఒక నేర్పరి మేలుకొని చూచుకొనవచ్చును. పదివేలున్నచోట అది మనుష్యమాత్రునకు సాధ్యము కాదు. ఈ భారమును వహించుటకు పుట్టినవే సర్వరుల సమూహమును నడపు వ్యవస్థలు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన కుబర్నెటీస్ అనుదానిని ఉదాహరణముగ గైకొందము.

దానికి ముందు కంటెయినరును గూర్చి కొంత చెప్పవలెను. ఒక ప్రోగ్రాము ఒంటరిగ నడువదు. దానికి తోడు ప్రోగ్రాములు, సరిపడు అమరికలు కావలెను. ఒక సర్వరులో చక్కగ నడచినది మఱియొకదానిలో నడువక మొరాయించుట తఱచు జరుగుచుండెడిది. ఓడసరకుల రవాణాలోను ఇట్టి చిక్కే యుండెడిది. బస్తాలు, పీపాలు, పెట్టెలు వేర్వేరు పరిమాణములలో నుండుటచే రేవులలో ఎగుమతి దిగుమతులకు దినములు పట్టెడివి. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అను రవాణావ్యాపారి, ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడమీద 58 అల్యూమినియపు పెట్టెలను నూవార్క్ రేవునుండి హ్యూస్టనుకు పంపెను. పెట్టెలన్నియు ఒకే కొలతలో నుండుటచే లోపలి సరుకేమో క్రేను నడపువాడు ఎఱుగనక్కఱలేదు. సరుకుల రవాణాలో గొప్ప మార్పునకు అది నాందియైనది.

కంప్యూటరు రంగమునను అదే ఉపాయమును అవలంబించిరి. ప్రోగ్రామును, దానికి కావలసిన తోడు సామగ్రినంతటిని ఒక మూటగ గట్టి, ఏ సర్వరులోనైనను ఒకే తీరున విప్పి నడపునట్లు చేసిరి. దీనికిని కంటెయినరనియే పేరు. ఇది ఉక్కుపెట్టె కాదు. ఒకే సర్వరులో నడచు పెక్కు ప్రోగ్రాముల నడుమ, ఒకదాని యిల్లు మఱియొకదానికి కనబడకుండ, ఒకదాని పాలు మఱియొకటి మ్రింగకుండ లినక్స్ కట్టు గోడయే కంటెయినరు. జ్ఞాపకశక్తిలోను గణనశక్తిలోను ఎవరి పాలు వారికి పంచు సదుపాయము లినక్స్‌లో 2008లో చేరినది. 2013లో వెలువడిన డాకర్ అను సాధనము ఈ మూటలు కట్టు పనిని సామాన్య కార్యకర్తలకు సైతము సులభము చేసినది.

మూటలు కట్టుట సులభమైనపిదప, వేలకొలది మూటలను వేలకొలది సర్వరులలో సర్దువారెవరను ప్రశ్న మిగిలినది. గూగుల్ సంస్థ ఈ సమస్యను ముందుగనే ఎదుర్కొని, తన అంతర్గతావసరముల కొఱకు ‘బోర్గ్’ అను వ్యవస్థను నిర్మించుకొనియుండెను. ఆ అనుభవమును ఆధారము చేసికొని జో బీడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మక్‌లకీ అనువారు ప్రారంభించిన క్రొత్త వ్యవస్థను 2014 జూన్‌లో లోకమునకు వెల్లడించిరి. అదియే కుబర్నెటీస్. దాని మొదటి పూర్తి సంచిక 2015 జూలై 21న వెలువడెను. పిమ్మట దాని నిర్వహణము ఒక సంస్థచేతిలో నుండక, లినక్స్ ఫౌండేషను నీడలోని సమష్టి సంఘమునకు చెందినది. దానిని ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చును, దాని అంతర్నిర్మాణమును చదువవచ్చును.

కుబర్నెటీస్ అను గ్రీకుపదమునకు చుక్కాని పట్టువాడని అర్థము. మన భాషలో కర్ణధారుడను మాట దానికి చక్కగ సరిపోవును. 1948లో నార్బర్ట్ వీనర్ అను గణితవేత్త నామకరణము చేసిన సైబర్నెటిక్స్ శాస్త్రమునకును ఆ గ్రీకుపదమే మూలము. కర్ణధారుడు ప్రతి యలను ముందుగ లెక్కవేయడు. ఓడ పోవలసిన దిక్కేది, పోవుచున్న దిక్కేది అని చూచి, భేదమున్నచో చుక్కానిని కొంచెము త్రిప్పును. మఱల చూచును, మఱల త్రిప్పును. ఈ వ్యవస్థయొక్క ఆయువుపట్టు అదియే.

పెండ్లింటి పంక్తిభోజనమును తలచుకొన్నచో ఇది యింకను స్పష్టమగును. ఇంటి పెద్ద వడ్డన చూచువానిని పిలిచి, “నీవు అటు పొమ్ము, నీవు ఇటు రమ్ము” అని గడియగడియకు చెప్పుచుండినచో ఆ పెండ్లి సాగదు. “ప్రతి పంక్తికిని ఎల్లప్పుడు నలుగురు వడ్డించువారుండవలెను” అని ఒక్కమాట చెప్పి ఊరకుండును. పర్యవేక్షకుడు మాటిమాటికి లెక్కించును. ముగ్గురే యున్నచో ఒకనిని పంపును. ఐదుగురైనచో ఒకనిని వెనుకకు పిలుచును. ఒకడు ఎందుచేత తప్పిపోయెనో విచారింపడు. లెక్క సరిపడుటయే వానికి ముఖ్యము. కుబర్నెటీస్‌కు మనుష్యుడు ఇచ్చునది ఇట్టి మాటయే. ఎట్లు చేయవలెనో చెప్పడు. చివరకు ఎట్లుండవలెనో చెప్పును.

ఫలితములు తెలుపు ప్రోగ్రాము నాలుగు ప్రతులుగ నడువవలెననుకొందము. నిర్వాహకుడు ఒక చిన్న పత్రమును వ్రాయును: ఈ పేరుగల మూటను వాడవలెను, నాలుగు ప్రతులుండవలెను, ఒక్కొక్కదానికి ఇంత జ్ఞాపకశక్తి, ఇంత గణనశక్తి కావలెను. ఈ పత్రము ఏపీఐ సర్వరు అను ద్వారమున ప్రవేశించును. అది వ్రాతను పరిశీలించి, పంపినవానికి అధికారము గలదో లేదో చూచి, ఎట్‌సీడీ అను లెక్కపుస్తకములో నమోదు చేయును. ఇంతవరకు ఒక్క ప్రోగ్రామైనను నడువలేదు. కోరిక మాత్రము పుస్తకమున కెక్కినది.

పిమ్మట కంట్రోలరులు పుస్తకమును చూచును. ఉండవలసినవి నాలుగు, ఉన్నవి సున్న. కావున నాలుగు ‘పాడ్’లకు పద్దులు వ్రాయును. పాడనగా చిక్కుడుకాయలోని గింజలవలె ఒకచోటనే కలసియుండు ఒకటి లేక కొన్ని కంటెయినరులు. ఈ పద్దులలో సర్వరు పేరుండు గడి ఇంకను ఖాళీగ నుండును. ఆ గడిని నింపుట స్కెడ్యూలరు పని. అది రెండు మెట్లలో ఎంచును. కావలసినంత చోటులేని సర్వరులను, నిబంధనలకు సరిపడనివానిని మొదట త్రోసివేయును. మిగిలినవానికి గుణములనుబట్టి మార్కులు వేసి, ఎక్కువ వచ్చినదాని పేరు వ్రాయును.

ప్రతి సర్వరులోను క్యూబ్‌లెట్ అను చిన్న కార్యకర్త యుండును. తన సర్వరు పేరిట క్రొత్త పద్దు కనబడగనే, అది మూటను తెప్పించి, విప్పించి, నడిపించి, జరిగినదానిని మఱల ఏపీఐ సర్వరుద్వారా పుస్తకమున కెక్కించును. ఇందులో ఒక విశేషము గలదు. కంట్రోలరు స్కెడ్యూలరును పిలువదు. స్కెడ్యూలరు క్యూబ్‌లెట్‌కు ఆజ్ఞ పంపదు. ఎవరికి వారు పుస్తకమును చూచి తమ పాలి పనిని చేసికొందురు. అందుచే వీరిలో ఒకరు కొంతసేపు నిలిచిపోయినను, మఱల లేచినపుడు పుస్తకమును చూచి విడిచిన పనిని అందుకొనగలరు.

ఇక ప్రమాదముల సంగతి. కంటెయినరులోని ప్రోగ్రాము చనిపోయినచో క్యూబ్‌లెట్ దానిని మఱల లేపును. మాటిమాటికి చచ్చుచున్నచో వెంటవెంటనే లేపక, మామూలుగ 10 సెకనులు, 20 సెకనులు, 40 సెకనులు అని విరామమును పెంచుకొనుచు 5 నిమిషములవరకు పోవును. ప్రాణముండియు బదులు చెప్పని ప్రోగ్రాములును గలవు. వానిని కనిపెట్టుటకు క్యూబ్‌లెట్ అప్పుడప్పుడు పలుకరించి చూచునట్లు పత్రములో వ్రాయవచ్చును. బ్రతికియున్నావా యనునది ఒక ప్రశ్న; పనికి సిద్ధముగ నున్నావా యనునది మఱియొక ప్రశ్న. మొదటిదానికి బదులు రానిచో క్రొత్తగ ప్రారంభించును. రెండవదానికి రానిచో ప్రోగ్రామును చంపదు. కోలుకొనువరకు దానియొద్దకు జనమును పంపకుండును.

సర్వరే పడిపోయినచో దానిలోని క్యూబ్‌లెట్‌యు పడిపోవును గదా! అందుకొఱకు ప్రతి క్యూబ్‌లెట్ సాధారణముగ 10 సెకనులకొకమారు తాను క్షేమమని సంతకము చేయుచుండును. ఆ సంతకము 40, 50 సెకనులపాటు రానిచో సర్వరు జాడ తెలియరాలేదని గుర్తు పెట్టుదురు. వేఱుగ చెప్పనిచో ఆ పిదప 5 నిమిషములు వేచియుండి, దానిలోని పాడ్‌లకు బదులుగ ఇతర సర్వరులలో క్రొత్తవానిని నిలుపుదురు. ఈ ఆలస్యము అకారణము కాదు. తీగ ఒక్క క్షణము తెగి మఱల అతుకుకొన్నంతమాత్రమున వేల ప్రతులను అటునిటు మార్చినచో, ప్రమాదముకంటె ఆ మార్పే పెద్ద యుపద్రవమగును.

పాడ్‌లు ఇట్లు చచ్చుచు పుట్టుచునుండగా వాని చిరునామాలు మారుచుండును. ఫలితము చూడవచ్చినవానికి ఈ సంగతి తెలియనక్కఱలేదు. ‘సర్వీసు’ అను స్థిరమైన పేరొకటి యుండును. ఆ పేరున వచ్చిన కోరికలు, ఆ సమయమున సిద్ధముగ నున్న పాడ్‌లకు పంచబడును. తపాలా పెట్టెలో ఉత్తరము వేయువాడు నేడు ఏ జవాను దానిని మోయునో విచారింపడు గదా!

ప్రోగ్రామును సవరించినపుడు క్రొత్త మూట పేరును పత్రములో మార్చినచో చాలును. పాతవన్నియు ఒక్కమారుగ కూలవు. వేఱుగ చెప్పనిచో నూటికి 25 వంతులు అదనముగ నిలుపుటకును, నూటికి 25 వంతులు తగ్గించుటకును అనుమతి యుండును. నాలుగు ప్రతులున్నచోట ఒకటి అదనముగ లేవవచ్చును, ఒకటి తగ్గవచ్చును. క్రొత్తది సిద్ధమైనకొలది పాతది తొలగును. క్రొత్తదానిలో దోషము కనబడినచో వెనుకటి రూపునకు మఱలుటకు పాత పద్దులు కొన్ని నిలువయుండును.

అంతయు లెక్కపుస్తకముమీద నాధారపడినపుడు, ఆ పుస్తకమే పోయినచో గతి యేమి? అందుచే శ్రద్ధగ కట్టినచోట్ల దానిని ఒక్క యంత్రములో నుంచక మూడింటిలోనో, ఐదింటిలోనో ఉంచుదురు. 2014లో ప్రకటింపబడిన రాఫ్ట్ అను పద్ధతిప్రకారము సగముకంటె ఎక్కువ ప్రతులు అంగీకరించినగాని ఏ పద్దును స్థిరపడదు. మూడున్నచోట ఒకటి పోయినను, ఐదున్నచోట రెండు పోయినను పని సాగును. నాలుగు ఉంచినను మూడింటికంటె అధికలాభము లేదు. నాలుగింటిలో రెండు పోయినచో సగముకంటె ఎక్కువ మిగులవు. బేసిసంఖ్యలను ఎంచుకొనుటకు ఇదియే కారణము.

ఇంతవరకు చెప్పినదంతయు ఈ వ్యవస్థ ప్రతిభ. దీని పరిమితియు తెలిసికొనవలెను. కర్ణధారుడు చెప్పిన దిక్కునకే ఓడను నడపును. ఆ దిక్కు సరియైనదా యని అడుగడు. నాలుగు ప్రతులు చాలని దినమున నాలుగే వ్రాసినచో నాలుగే యుంచును. రద్దీనిబట్టి ప్రతులను పెంచుకొను ఏర్పాటు గలదు గాని, దానిని ముందుగ వ్రాసియుంచవలెను. పెంచుటకు ఖాళీ సర్వరులును ఉండవలెను. తప్పు లెక్క కట్టు ప్రోగ్రామును నూఱు ప్రతులు నడుపుమన్నచో, నూఱుచోట్ల అదే తప్పును ఒక్కటియు తగ్గకుండ చేయించును.

అన్నిటికంటె ముఖ్యమైనది దాచవలసిన సమాచారము. కంటెయినరు తొలగినపుడు దాని లోపల వ్రాసికొన్నదంతయు పోవును. మిగులవలసినదానిని వెలుపలి స్థిరనిక్షేపములో వ్రాయుమని పత్రములో వేఱుగ చెప్పవలెను. ఆ నిక్షేపమునకు నకళ్లను మఱియొకచోట భద్రపఱుపవలెను. ఈ రెండును మఱచినచో, గడువు దినమున తండ్రి నింపి పంపిన దరఖాస్తు ఎచ్చటను మిగులదు. ప్రోగ్రాము మాత్రము క్షణములో మఱల లేచి, ఏమియు జరుగనట్లు ఖాళీపత్రమును చూపును. ప్రోగ్రామును బ్రతికించుట వేఱు, దానికి అప్పగించిన మాటను కాపాడుట వేఱు. కావున దరఖాస్తు పంపినవెంటనే రసీదుసంఖ్యను వ్రాసికొని, వీలైనచో ముద్రితప్రతిని దాచుకొనుట పాతకాలపు చాదస్తము కాదు, అది వివేకము.

ఈ వ్యవస్థ ఎల్లరకును అవసరము కాదు. 5,000 సర్వరులు, 1,50,000 పాడ్‌లవరకు నడపుటకు తగినట్లు దీనిని నిర్మించిరి. చిన్న పాఠశాలకో సంఘమునకో ప్రవేశపత్రములు, చందాలెక్కలు చూచుకొనుటకు ఒక మంచి సర్వరును, ప్రతిదినము తీసిన నకలును, ఆ నకలునుండి మఱల నిలుపవచ్చునో లేదో పరీక్షించు అలవాటును చాలును. కోడిని కోయుటకు గొడ్డలి తెచ్చుకొన్నచో గొడ్డలి వెలయు, మోతబరువును అదనము. నోమాడ్ మొదలగు ఇతర వ్యవస్థలును గలవు. ఏది కొనుమన్నను మొదట అడుగవలసిన ప్రశ్న, మనకు ఎన్ని యంత్రములున్నవి, వానిని చూచుకొనువారెందఱు అనునదియే.

మన బిడ్డల చదువు విషయమున దీనినుండి గ్రహింపదగినదేమి? ఈ వ్యవస్థలోని ఆజ్ఞలను కంఠస్థము చేయించుట కొన్ని వారములలో ముగియును. కాని ఒక పాడ్ ఎందుకు లేవలేదో కనుగొనవలెనన్నచో లినక్స్ తెలియవలెను; కోరిక ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు ఎట్లు పోవునో తెలియవలెను; కనీసము ఒక ప్రోగ్రామింగు భాషలో సొంతముగ వ్రాయగలుగవలెను. ఈ మూడింటికి సామాన్యమైన కంప్యూటరు ఒకటి చాలును. కుబర్నెటీస్ సైతము ఉచితముగ దొరకునదే గావున దానిని చిన్నరూపమున ఇంటనే నడిపి చూడవచ్చును. పునాది లేనిదే పైమేడ కట్టింతుమనువారికి రుసుము చెల్లించుటకు ముందు, ఆ పునాది ఎచ్చట నేర్పుదురో అడిగి తెలిసికొనుట మేలు.

మఱియొక మాట. ఈ విద్యలో అన్నిటికంటె కష్టమైనది ఆజ్ఞలు నేర్చుట కాదు. ఏమి కావలెనో సందిగ్ధము లేకుండ చెప్పుట. ఎన్ని కావలెను, ఎంతవరకు సహింపవచ్చును, ఏది పోయినను ఫరవాలేదు, ఏది పోరాదు అని తేటగ ఆలోచించి వ్రాయగలవాడే మంచి నిర్వాహకుడు. ఆ తేటదనము ఇంటిభాషలో మొదట అలవడును. తాను చదివినదానిని తల్లికి తెలుగులో విడమఱచి చెప్పగలిగిన విద్యార్థి దానిని నిజముగ గ్రహించినవాడు. కనుక తలిదండ్రులు బిడ్డను కూర్చుండబెట్టి, సర్వరు పడిపోయినపుడు ఏమి జరుగునో చెప్పుమని అడుగవలెను. చెప్పలేకపోయినచో కోపింపక, పెండ్లివడ్డనను ఉదాహరణముగ నిచ్చి మఱల అడుగవలెను.